ఒక్క మనిషి, డజను కిరీటాలు: ఐదో చార్లెస్ గద్దె దిగిన తీరు

పదహారో శతాబ్దపు యూరప్ పాలకుడు ఐదో చార్లెస్ చక్రవర్తి ఏ సంవత్సరంలో రాజ్యం వదులుకున్నాడో తెలుసుకుందామని నాలుగు పుస్తకాలు తిరగేస్తే నాలుగు జవాబులు దొరుకుతాయి. నేపుల్స్ చరిత్రలో 1554 అని ఉంటుంది. నెదర్లాండ్స్ చరిత్రలో 1555. స్పెయిన్‌లో 1556. జర్మనీ సంగతికొస్తే 1556 అని కొందరు, 1558 అని కొందరు. వీళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. చార్లెస్ తల మీద ఉన్నవి డజనుకు పైగా కిరీటాలు. ఒక్కోటి ఒక్కో దారిలో వచ్చింది, ఒక్కోదానికి ఒక్కో చట్టం ఉంది. కాబట్టి దించడం కూడా ఒక్కోదాన్ని విడివిడిగానే దించాల్సి వచ్చింది. 1554 జూలైలో మొదలైన ఆ పని 1558 మార్చిలో ముగిసింది. ఆ తర్వాత ఆయన బతికింది ఆరు నెలలు.

ఈ కథ అనగానే అందరికీ గుర్తొచ్చేది బ్రసెల్స్ సభ. కీళ్లనొప్పులతో వంగిపోయిన చక్రవర్తి ఒక యువకుడి భుజం పట్టుకుని నిలబడి, కన్నీళ్లతో వీడ్కోలు చెప్పే దృశ్యం. అది నిజంగానే జరిగింది, కదిలించే దృశ్యమే. కానీ ఆ సభలో ఆయన అప్పగించింది నెదర్లాండ్స్‌ను మాత్రమే. స్పెయిన్ ఇంకా ఆయనదే, సిసిలీ ఆయనదే, అమెరికా ఖండంలోని రాజ్యాలు ఆయనవే, చక్రవర్తి బిరుదూ ఆయనదే. మిగతావన్నీ ఎలా చేతులు మారాయో చూడాలంటే అవి ఆయన చేతికి ఎలా వచ్చాయో ముందు తెలియాలి.

మూడు రకాల గద్దెలు

చార్లెస్ 1500 ఫిబ్రవరి 24న ఇప్పటి బెల్జియంలోని గెంట్ నగరంలో పుట్టాడు. తండ్రి హాబ్స్‌బర్గ్ వంశపు ఫిలిప్, తల్లి స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యపు రాకుమారి హువానా. తాతలు, అమ్మమ్మ, నానమ్మ నలుగురూ పాలకులే. అందులో ఎవరు పోయినా ఆస్తి చివరికి ఈ పిల్లవాడి దగ్గరికే చేరేలా పెళ్లిళ్లు, చావులు కుదిరాయి. ఆరేళ్ల వయసులో తండ్రి పోయాడు. తల్లికి మతి స్థిమితం లేదని ఆమెను తోర్దెసియాస్ కోటలో ఉంచేశారు. పిల్లవాణ్ని మేనత్త మార్గరెట్ పెంచింది.

ఆయనకు వచ్చినవాటిని మూడు రకాలుగా విడదీస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

మొదటి రకం వారసత్వంగా వచ్చినవి. నాన్న వైపు నుంచి నెదర్లాండ్స్. ఇప్పటి బెల్జియం, నెదర్లాండ్స్ రెండూ అందులోవే; కానీ అప్పట్లో అదొక దేశం అనుకోకూడదు. అవి పదిహేడు సంస్థానాలు: బ్రబాంట్‌లో ఆయన డ్యూక్, ఫ్లాండర్స్‌లో కౌంట్, హాలండ్‌లో విడిగా మళ్లీ కౌంట్. ఎక్కడికక్కడ సొంత సభ, సొంత హక్కుల పత్రం, సొంత ప్రమాణం. అమ్మ వైపు నుంచి కాస్టీల్, అరగాన్. కాస్టీల్‌తో పాటు అమెరికాలోని ఇండీస్ రాజ్యాలు వచ్చాయి. అరగాన్‌తో పాటు వలెన్సియా, కతలూన్యా, సార్డీనియా, సిసిలీ, నేపుల్స్ వచ్చాయి. ఇలాంటి చోట వారసుడు ఎవరో ముందే తెలుసు. కానీ కొత్త పాలకుడు స్థానిక చట్టాలను కాపాడతానని ప్రమాణం చేయాలి, ప్రజాసభలు ఆయనకు విధేయత చెప్పాలి. ప్రమాణం లేని పాలకుడి ఆజ్ఞను అధికారులు ప్రశ్నించగలరు.

రెండో రకం ఒక పై ప్రభువు నుంచి పట్టాగా వచ్చినవి. నేపుల్స్‌కు పోప్ పై ప్రభువు. కొత్త రాజుకు పోప్ ఆమోదం కావాలి. మిలాన్‌కు చక్రవర్తి పై ప్రభువు. 1535లో అక్కడి చివరి స్ఫోర్జా డ్యూక్ వారసుడు లేకుండా పోవడంతో మిలాన్ చార్లెస్ చేతికొచ్చింది. చక్రవర్తి హోదాలో తానే పట్టా ఇవ్వగలడు గనక, 1540లోనే దాన్ని కొడుకు ఫిలిప్ పేర రాసేశాడు. చక్రవర్తి పదవి పోయాక ఈ పని చేయాలంటే వేరొకరి దయ మీద ఆధారపడాల్సి వచ్చేది.

మూడో రకం ఎన్నికతో వచ్చింది. అది ప్రధానంగా జర్మన్ సంస్థానాల కూటమి అయిన పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి చక్రవర్తి పదవి. ఏడుగురు ఎలెక్టర్లు ఓటు వేస్తారు: మైన్జ్, కొలోన్, ట్రియర్ ఆర్చిబిషప్‌లు, బొహీమియా రాజు, పలటినేట్, సాక్సనీ, బ్రాండెన్‌బర్గ్ పాలకులు. 1519లో ఈ ఓట్ల కోసం చార్లెస్ పక్షం దాదాపు 8,50,000 గుల్డెన్లు ఖర్చు పెట్టింది. అందులో దాదాపు 5,43,000 ఆగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గర్ బ్యాంకు కుటుంబం సర్దింది. డబ్బుతో కొన్నదైనా ఎన్నిక ఎన్నికే. దాన్ని కొడుకు పేర రాసిచ్చే హక్కు చక్రవర్తికి లేదు.

ఆయన పేరు పక్కన ఉన్న అంకె కూడా ఇక్కడి నుంచే వచ్చింది. సామ్రాజ్యంలో ఆ పేరు గలవాళ్లలో ఐదోవాడు, స్పెయిన్‌లో మొదటివాడు. స్పానిష్ పుస్తకాల్లో ‘మొదటి కార్లోస్’ అని చదివితే ఈయనే.

తాత మాక్సిమిలియన్ నుంచి వచ్చిన ఆస్ట్రియా భూముల మాటేమిటన్న ప్రశ్న రావచ్చు. వాటిని 1521–22లోనే తమ్ముడు ఫెర్డినాండ్‌కు పంచి ఇచ్చేశాడు. వంశం రెండు కొమ్మలుగా చీలడం నిజానికి అక్కడే మొదలైంది.

ఎందుకు దిగాలనుకున్నాడు

ఒంట్లో బాగోలేక అని ఒక్క ముక్కలో చెప్పేస్తే కథ చెడిపోతుంది. గౌట్ అనే కీళ్ల జబ్బు ఆయన్ను 28వ ఏట నుంచే పీడించింది. చేతి వేళ్లు వంకరపోయి, కొన్ని రోజులు ఉత్తరం విప్పలేని స్థితి. ఆ స్థితిలోనే 1547లో మ్యూల్‌బెర్గ్ దగ్గర జర్మన్ ప్రొటెస్టెంట్ ప్రభువులను ఓడించాడు. అంటే జబ్బు ఒక్కటే కుర్చీ దింపేది అయితే పదేళ్ల ముందే దింపి ఉండేది.

అసలు దెబ్బ 1552లో తగిలింది. సాక్సనీ ప్రభువు మోరిస్‌ను ఎలెక్టర్‌గా చేసింది చార్లెసే. ఆ మోరిసే ఫ్రాన్స్ రాజుతో చేతులు కలిపి ఇన్స్‌బ్రుక్ మీదికి వచ్చాడు. మే నెలలో రాత్రిపూట వానలో, కాగడాల వెలుగులో, పల్లకీలో బ్రెన్నర్ కనుమ దాటి చక్రవర్తి పారిపోవాల్సి వచ్చింది. పరువు నిలబెట్టుకోవడానికి అదే ఏడాది చివర్లో మెట్స్ నగరాన్ని ముట్టడించాడు. చలి, జబ్బులు సైన్యాన్ని తినేశాయి. 1553 జనవరిలో ముట్టడి ఎత్తేసి బ్రసెల్స్ చేరాక, నెలల తరబడి మనుషులను కలవడానికి కూడా ఇష్టపడలేదు.

దీనికి మతం తోడైంది. 1521లో వోర్మ్స్ సభలో, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన లూథర్‌ను ఎదురుగా నిలబెట్టి ఖండించిన మనిషి ఆయన. ముప్పై ఏళ్ల యుద్ధాలు, చర్చల తర్వాత జర్మనీలో తేలింది ఏమిటంటే ప్రొటెస్టెంట్లను గుర్తించక తప్పదని. ఆ రాజీ మీద తన చేత్తో సంతకం పెట్టడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. చర్చల అధికారం మొత్తం ఫెర్డినాండ్‌కు వదిలేశాడు. పాలకుడి మతమే ఆ నేల మతం అనే సూత్రంతో ఆగ్స్‌బర్గ్ ఒప్పందం 1555 సెప్టెంబర్ 25న కుదిరింది. సరిగ్గా నెల తర్వాత, అక్టోబర్ 25న, బ్రసెల్స్ సభ. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. సంతకం చేయలేని పనినుంచి తప్పుకోవడానికి గద్దె దిగడం ఒక్కటే ఆయనకు కనిపించిన దారి.

కుటుంబ తగాదా కూడా ఉంది, దాన్ని చాలామంది పైపైనే చెప్పి వదిలేస్తారు. చక్రవర్తి పదవి కూడా తన కొడుకు ఫిలిప్‌కే దక్కాలని చార్లెస్ కోరిక. కానీ ఫెర్డినాండ్‌ను ‘రోమన్ల రాజు’గా, అంటే రాబోయే చక్రవర్తిగా, ఎలెక్టర్లు 1531లోనే ఎన్నుకున్నారు. ఫెర్డినాండ్‌కు కూడా మాక్సిమిలియన్ అనే ఎదిగిన కొడుకు ఉన్నాడు. 1550–51లో ఆగ్స్‌బర్గ్‌లో అన్నదమ్ములు నెలల తరబడి వాదించుకున్నారు. ఇద్దరి మధ్య సర్దిచెప్పడానికి చెల్లెలు మేరీ, అంటే హంగరీ మాజీ రాణి, నెదర్లాండ్స్ నుంచి పరుగెత్తుకు రావాల్సి వచ్చింది. 1551 మార్చిలో ఒక ఒప్పందం రాసుకున్నారు: ముందు ఫెర్డినాండ్, ఆ తర్వాత ఫిలిప్, ఆ తర్వాత మాక్సిమిలియన్. ఓట్లు వేయాల్సిన ఎలెక్టర్లు మాత్రం జర్మన్ రాని స్పానిష్ యువరాజును ఒప్పుకోలేదు. ఒప్పందం కాగితం మీదే ఉండిపోయింది. సామ్రాజ్యం తమ్ముడికి, మిగతావి కొడుక్కి అన్న పంపకాన్ని ముందుచూపుతో గీసిన పథకంగా కొన్ని పుస్తకాలు చెబుతాయి. 1551 నాటి పత్రం ముందు ఆ మాట నిలబడదు. ఆయన కోరుకున్నది అది కాదు; మిగిలింది అది.

ఇరవై ఏడేళ్ల ముందస్తు పని

గద్దె దిగడం 1555లో తీసుకున్న నిర్ణయంలా కనిపిస్తుంది కానీ, దాన్ని సాధ్యం చేసిన పని చాలా ముందు జరిగింది. వారసుడు ముందే ప్రమాణం చేసి, సభలు ముందే విధేయత చెప్పి ఉంటేనే బతికున్న రాజు స్థానంలో మరొకరు గొడవ లేకుండా కూర్చోగలరు.

ఫిలిప్ 1527 మే నెలలో పుట్టాడు. ఏడాది నిండకముందే, 1528లో, కాస్టీల్ సభ మాద్రిద్‌లో సమావేశమై పసివాణ్ని వారసుడిగా ఒప్పుకుంది. అరగాన్ వైపు సభలు 1542లో ఒప్పుకున్నాయి. 1549లో ఫిలిప్‌ను నెదర్లాండ్స్ అంతటా ఊరూరా తిప్పి ప్రమాణాలు చేయించారు. అదే ఏడాది ఒక శాసనం తెచ్చి, పదిహేడు సంస్థానాలూ ఒకే వారసుడికి, విడదీయకుండా దక్కేలా చేశారు. అంతవరకు ఒక్కోచోట ఒక్కో వారసత్వ నియమం ఉండేది. ఆ శాసనం లేకపోతే బ్రసెల్స్ సభ ఒక్క మధ్యాహ్నంలో ముగిసేది కాదు.

ఒక్క అడ్డు మాత్రం మనిషి చేతిలో లేదు. కాస్టీల్‌కు చట్టప్రకారం అసలు రాణి ఆయన తల్లి హువానా. తోర్దెసియాస్‌లో బందీగా ఉన్నా రాణి రాణే. రాజపత్రాల్లో ముందు ఆమె పేరు, తర్వాత కొడుకు పేరు రాసేవాళ్లు. చార్లెస్ నలభై ఏళ్లు ఆమెతో కలిసి సహపాలకుడిగానే ఏలాడు. 1555 ఏప్రిల్ 12న ఆమె 75వ ఏట కన్నుమూసింది. అంతకుముందు ఆయన తప్పుకుని ఉంటే, మనవడు నానమ్మ పక్కన ఏ హోదాలో ఏలాలన్న ప్రశ్న కాస్టీల్‌లో లేచేది. ఆమె పోయిన ఆరు నెలలకు బ్రసెల్స్ సభ, తొమ్మిది నెలలకు కాస్టీల్ పత్రం.

ఒక్కోటి దించిన వరస

మొదట నేపుల్స్. కారణం ఒక పెళ్లి. 1554 జూలై 25న ఇంగ్లండ్‌లోని వించెస్టర్ చర్చిలో ఫిలిప్‌కు మేరీ ట్యూడర్ రాణితో వివాహం. రాణిని యువరాజు చేసుకుంటే హోదాలో తక్కువ. అందుకని తండ్రి కొడుకును నేపుల్స్ రాజును చేశాడు. పెళ్లికి ముందు ఆ పత్రాన్ని అక్కడే చదివి వినిపించారు. మిలాన్‌ను కూడా ఆ రోజుల్లోనే చేతికి అప్పగించారు.

1555 సెప్టెంబర్‌లో ఫిలిప్ బ్రసెల్స్ చేరాడు. అక్టోబర్ మూడో వారంలో చార్లెస్ ముందుగా ‘గోల్డెన్ ఫ్లీస్’ వీరుల సంఘం అధిపత్యాన్ని కొడుక్కి ఇచ్చాడు. ఇది ఏదో అలంకారం కోసం చేసింది అనుకోవద్దు. 1430లో బర్గండీ డ్యూక్ స్థాపించిన ఆ సంఘంలో నెదర్లాండ్స్ పెద్ద ప్రభువులందరూ సభ్యులు. అధిపతికి విధేయులుగా ఉంటామని వాళ్ల ప్రమాణం. మనుషులను ముందు కట్టేసి, తర్వాత భూమిని అప్పగించాడు.

25వ తేదీ మధ్యాహ్నం కూడెన్‌బెర్గ్ కోటలోని పెద్ద మందిరంలో పదిహేడు సంస్థానాల ప్రతినిధులు చేరారు. చార్లెస్ ఒక చేత్తో కర్ర, రెండో చెయ్యి 22 ఏళ్ల ఆరెంజ్ ప్రభువు విలియం భుజం మీద వేసుకుని వచ్చాడు. ముందు ఒక న్యాయ సలహాదారు అధికారం ఎందుకు మారుతోందో లాంఛనంగా వివరించాడు. తర్వాత చక్రవర్తి కళ్లజోడు పెట్టుకుని, చిన్న కాగితం మీద రాసుకున్న గుర్తులు చూస్తూ ఫ్రెంచిలో మాట్లాడాడు. చెప్పింది ప్రధానంగా ప్రయాణాల లెక్క: జర్మనీకి తొమ్మిదిసార్లు, స్పెయిన్‌కు ఆరు, ఇటలీకి ఏడు, నెదర్లాండ్స్‌కు పది, ఫ్రాన్స్‌కు నాలుగు, ఇంగ్లండ్‌కు రెండు, ఆఫ్రికాకు రెండు. మొత్తం నలభై. ఆ లెక్కలోనే ఆయన పాలన స్వభావమంతా ఉంది. ఇన్ని రాజ్యాలకు ఒక రాజధాని లేదు, ఒక ఖజానా లేదు, ఒక చట్టం లేదు. రాజు స్వయంగా వెళ్లి కనబడితేనే రాజ్యం నిలిచేది. నడవలేని మనిషి ఆ ఉద్యోగం చేయలేడు.

తన వల్ల ఎవరికైనా అన్యాయం జరిగి ఉంటే క్షమించమని అడిగి, ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. సభలో చాలామంది ఏడ్చారు. వెంటనే తేడా కూడా బయటపడింది. ఫిలిప్‌కు ఫ్రెంచిలో ధారాళంగా మాట్లాడటం రాదు. రెండు ముక్కలు చెప్పి కూర్చుంటే, మిగతా ప్రసంగం ఆయన తరఫున బిషప్ గ్రాన్వెల్ చేశాడు. పుట్టిపెరిగిన గడ్డ మీద తండ్రి వాళ్ల భాషలో ఏడిపించాడు. కొత్త ప్రభువు వాళ్ల భాషలో నాలుగు మాటలు చెప్పలేకపోయాడు. పదమూడేళ్లు తిరగకుండా ఆ దేశంలో ఫిలిప్ మీద తిరుగుబాటు యుద్ధం మొదలైంది. దానికి నాయకుడు చార్లెస్ చెయ్యి వేసిన ఆ భుజం మనిషి, విలియమే.

పాతికేళ్లుగా నెదర్లాండ్స్‌ను అన్న తరఫున పాలించిన మేరీ కూడా అదే సభలో తప్పుకుంది. చార్లెస్ ఎప్పుడూ ఊళ్లో లేని పాలన అన్నాళ్లు నడిచిందంటే ఆమె చలవే. అందుకు దక్కాల్సినంత పేరు ఆమెకు ఇంకా దక్కలేదు.

స్పెయిన్ వంతు 1556 జనవరి 16న వచ్చింది. ఈసారి సభ లేదు, కన్నీళ్లు లేవు. బ్రసెల్స్ కోట తోటలోని చిన్న ఇంట్లో, కొద్దిమంది సాక్షుల ఎదుట సంతకాలు జరిగాయి. కాస్టీల్, లియోన్, గ్రనాడా, నవార్, ఇండీస్ కలిపి ఒక పత్రం. అరగాన్ వైపు రాజ్యాలకు వేరే పత్రం. సిసిలీకి వేరే. శాంతియాగో, కలత్రావా, అల్కాంతరా అనే మూడు సైనిక సంఘాల అధిపత్యం విడిగా. ఆ సంఘాల భూముల ఆదాయం రాజుకు చాలా ముఖ్యం గనక వాటిని మరచిపోతే కుదరదు. ఒకే పత్రంలో అన్నీ ఎందుకు రాయలేదంటే, కాస్టీల్ చట్టం అరగాన్‌లో చెల్లదు, అరగాన్‌ది సిసిలీలో చెల్లదు. ‘స్పెయిన్ రాజు’ అనే ఒకే పదవి చట్టంలో అప్పటికి లేనే లేదు. మార్చి 28న వయ్యదోలిద్‌లో ఫిలిప్‌ను రాజుగా ప్రకటించారు. అప్పుడు ఫిలిప్ అక్కడ లేడు, బ్రసెల్స్‌లోనే ఉన్నాడు.

రాజ్యంతో పాటు అప్పులు

చేతులు మారినవి కిరీటాలే కాదు. చార్లెస్ యుద్ధాలు నడిచింది బ్యాంకర్ల దగ్గర తెచ్చిన స్వల్పకాలిక అప్పుల మీద. జెనోవా, ఆగ్స్‌బర్గ్ బ్యాంకర్లు ఆంట్వెర్ప్‌లోనో ఇటలీలోనో సైన్యానికి జీతాలు కడతారు. బదులుగా కాస్టీల్ పన్నులు, అమెరికా నుంచి స్పెయిన్‌లోని సెవియ్యా రేవుకు వచ్చే వెండి తాకట్టు. ఏటేటా రాబోయే ఏళ్ల ఆదాయం కూడా ముందే రాసిచ్చేశారు. ఫిలిప్ కూర్చునేసరికి రాబడి అంతా వేరొకరి పేర ఉంది. 1557లో ఆయన చెల్లింపులు ఆపేసి, ఎక్కువ వడ్డీ స్వల్పకాలిక అప్పులను 5 శాతం దీర్ఘకాలిక బాండ్లుగా మార్చేశాడు. ఫుగ్గర్లు తీవ్రంగా దెబ్బతిన్నారు. 1519లో చక్రవర్తి పదవిని కొనిపెట్టిన కుటుంబం, ఆ చక్రవర్తి దిగిపోయిన మరుసటి ఏడాదే మునిగే స్థితికి వచ్చింది.

చార్లెస్ స్వయంగా కూడా ఈ చిక్కులో ఇరుక్కున్నాడు. సంతకాలు అయ్యాక ఎనిమిది నెలలు బ్రసెల్స్ వైపే ఉండిపోయాడు. ఇంటి నౌకర్లకు జీతబకాయిలు తీర్చి పంపాలి, ఓడలు సిద్ధం కావాలి. రెంటికీ చేతిలో డబ్బు లేదు. 1556 సెప్టెంబర్ మధ్యలో వ్లిసింగెన్ రేవు నుంచి ఇద్దరు సోదరీమణులతో, అంటే మేరీ, అక్క ఎలెనోర్‌లతో, బయల్దేరి 28న స్పెయిన్ ఉత్తర తీరంలోని లారెదోలో దిగాడు. అక్కడ స్వాగత ఏర్పాట్లు అరకొరగా ఉన్నాయి.

ఎవరూ తీసుకోని పదవి

మిగిలింది చక్రవర్తి పదవి. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే.

సామ్రాజ్యానికి రాజ్యాంగం లాంటిది 1356 నాటి ‘గోల్డెన్ బుల్’. చక్రవర్తి చనిపోతే ఎన్నిక ఎలా జరగాలో అందులో పూసగుచ్చినట్టు ఉంది. చక్రవర్తి బతికుండి తప్పుకుంటే ఏం చేయాలో ఒక్క వాక్యం లేదు. ఎవరికి రాజీనామా ఇవ్వాలి? ఎలెక్టర్లకా, పోప్‌కా? ఆమోదించే అధికారం ఎవరిది? పదవి ఖాళీ అయితే మధ్యకాలంలో పలటినేట్, సాక్సనీ ప్రభువులు తాత్కాలిక పాలకులవుతారని నియమం ఉంది. అలా జరిగితే పగ్గాలు ఫెర్డినాండ్ చెయ్యి దాటిపోతాయి. ఒకవైపు హంగరీలో టర్కులతో యుద్ధం. అందుకే తొందరపడవద్దని తమ్ముడు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు.

చార్లెస్ ఆగలేదు, కానీ ఒక మధ్యేమార్గం పట్టాడు. 1556 సెప్టెంబర్‌లో ఓడ ఎక్కేముందు పాలనాధికారం అంతా ఫెర్డినాండ్‌కు ఇచ్చేసి, ఎలెక్టర్లకు త్యాగపత్రం రాసిపెట్టాడు. దాన్ని సమర్పించే సమయం తమ్ముడి ఇష్టానికి వదిలాడు. 1556 అని రాసే పుస్తకాలు ఈ పత్రాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. ఎలెక్టర్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేరి పత్రాన్ని స్వీకరించి, ఫెర్డినాండ్‌ను చక్రవర్తిగా ప్రకటించింది 1558 ఫిబ్రవరి–మార్చిలో. 1558 అనే పుస్తకాలది ఈ లెక్క. చట్టం దృష్టితో చూస్తే రెండోదే సరైనదని చెప్పాలి. స్వీకరించేవాళ్లు స్వీకరించనంతవరకు రాజీనామా రాజీనామా కాదు. పత్రాన్ని ఫ్రాంక్‌ఫర్ట్‌కు తీసుకెళ్లిన రాయబార బృందానికి పెద్ద ఎవరో కాదు, ఆరెంజ్ ప్రభువు విలియమే.

అయినా చిక్కు పూర్తిగా తెగలేదు. చక్రవర్తిని చేసేది, దింపేది పోపే అన్నది నాలుగో పాల్ పోప్ వాదన. ప్రొటెస్టెంట్ ఎలెక్టర్ల ఓటుతో జరిగింది చెల్లదని ఫెర్డినాండ్‌ను గుర్తించలేదు. జర్మన్లు దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్లారు. 1530లో బొలోన్యాలో చార్లెస్‌కు జరిగిన కిరీటధారణే పోప్ చేతుల మీదుగా పవిత్ర రోమన్ చక్రవర్తికి జరిగిన ఆఖరిది. ఒక పదవిని వదలడం ఎలాగో తేలే క్రమంలో, ఆ పదవి రోమ్ పట్టునుంచే జారిపోయింది.

యుస్తేలో ఉన్నదేమిటి

పశ్చిమ స్పెయిన్‌లోని ఎక్స్‌త్రెమదూర కొండల్లో, యుస్తే దగ్గర హైరోనిమైట్ సన్యాసుల మఠం ఉంది. చార్లెస్ అక్కడే స్థిరపడ్డాడు. దీన్ని వానప్రస్థం లాగా, సన్యాసి గదిలో జపమాల తిప్పుకునే జీవితంలాగా ఊహించుకుంటే పొరపాటు. ఆయన సన్యాసం తీసుకోలేదు, మఠం గదిలో ఉండలేదు. చర్చి గోడకు ఆనుకుని ఆయన కోసం కొత్త ఇల్లు కట్టారు: రెండంతస్తులు, అంతస్తుకు నాలుగు గదులు. మెట్లు ఎక్కలేడు గనక పై అంతస్తుకు వాలుదారి. పడకగది గోడలో చర్చి వేదిక కనబడేలా కిటికీ. మంచం మీద నుంచే ప్రార్థన చూడొచ్చు. చలికి తట్టుకోలేడని పెద్ద పొయ్యిలు. సేవకులు దాదాపు యాభైమంది. ఇల్లు పూర్తికాక హరాందియాలోని ఒక ప్రభువు కోటలో దాదాపు మూడు నెలలు ఆగి, 1557 ఫిబ్రవరి 3న ఇక్కడికి చేరాడు.

వెంట ఇటలీ చిత్రకారుడు టిషియన్ గీసిన చిత్రాలు తెచ్చుకున్నాడు. వాటిలో 1539లో చనిపోయిన భార్య ఇసబెల్లా చిత్రం ఉంది. ఆమె పోయాక ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. గడియారాల మీద ఉన్న మోజుతో హువానెలో తురియానో అనే నిపుణుణ్ని కూడా తెచ్చుకున్నాడు. బీరు కాచేవాణ్ని సైతం వెంటబెట్టుకొచ్చాడు. గౌట్ ఉన్నవాడికి బీరు, మాంసం, ఉప్పు చేపలు విషంతో సమానమని ఇవాళ ఏ డాక్టరైనా చెబుతాడు; మాంసంలోని ప్యూరిన్లు, బీరు రక్తంలో యూరిక్ ఆమ్లాన్ని పెంచి కీళ్లలో స్ఫటికాలుగా పేరుస్తాయి. అప్పటి వైద్యులూ, ఆయన ఇంటి వ్యవహారాలు చూసే అధికారి కిహాదా కూడా తిండి తగ్గించమని మొత్తుకున్నారు. ఆయన వినలేదు. ఆయన చిటికెన వేలి ముక్క ఒకటి మాద్రిద్ దగ్గరి ఎస్కోరియల్ మఠంలో భద్రంగా ఉంది. దాన్ని ఈ శతాబ్దంలో పరీక్షించిన స్పానిష్ వైద్యులకు యూరిక్ స్ఫటికాలు కీలును తినేసిన గుర్తులు స్పష్టంగా కనిపించాయి.

రాజకీయం వదిలేశాడా అంటే, అదీ లేదు. స్పెయిన్‌ను ఫిలిప్ తరఫున పాలిస్తున్నది కూతురు హువానా. ఆమె నుంచి దూతలు వస్తూనే ఉండేవాళ్లు. 1557లో అమెరికా నుంచి వచ్చిన వెండిని సెవియ్యా అధికారులు వ్యాపారులతో కుమ్మక్కై వాళ్లకు వదిలేశారని తెలిసి, ఒంట్లో ఓపిక ఉంటే తానే వెళ్లి వాళ్ల సంగతి తేల్చేవాణ్నని మండిపడుతూ ఉత్తరం రాశాడు. 1558లో వయ్యదోలిద్‌లో ప్రొటెస్టెంట్ బృందం ఒకటి బయటపడితే, కనికరం లేకుండా శిక్షించమని కూతుర్ని, కొడుకుని ఒత్తిడి చేశాడు. తర్వాతి ఏడాది జరిగిన దహనశిక్షల వెనక ఆ ఉత్తరాల బరువు ఉంది. యుస్తే గురించి రాసేవాళ్లు తోట, గడియారాలు చెప్పి ఇది వదిలేయడం న్యాయం కాదు.

బతికుండగానే తన అంత్యక్రియలు జరిపించుకుని పక్కన కూర్చుని చూశాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది. మఠం చరిత్రకారులు రాశారది. కానీ ఆయన ఇంటి అధికారులు ఆ రోజుల్లో దగ్గు వచ్చినా రాసేంత వివరంగా ఉత్తరాలు రాసేవాళ్లు; ఆ ఉత్తరాల్లో దీని ఊసే లేదు. నమ్మకపోవడమే మంచిది.

ఆయన కొడుకే అని బయటికి చెప్పని ఒక పదకొండేళ్ల పిల్లవాడు 1558లో పక్క ఊరు కువాకోస్‌లో, కిహాదా ఇంట్లో ఉండేవాడు. పేరు హెరోమిన్. తర్వాత 1571లో లెపాంటో సముద్రయుద్ధం గెలిచిన దోన్ హువాన్ అతనే. తండ్రి తన వీలునామాకు జతచేసిన రహస్య పత్రంలో మాత్రమే అతణ్ని ఒప్పుకున్నాడు.

ఎలెక్టర్లు త్యాగపత్రాన్ని స్వీకరించారన్న కబురు 1558 వసంతం చివర్లో యుస్తే చేరింది. ఆయన వెంటనే రెండు పనులు చేయించాడు. ప్రార్థనలో ‘చక్రవర్తి’ అని చదవడం మాన్పించి వట్టి పేరు చదవమన్నాడు. కిరీటం గుర్తు లేని కొత్త ముద్రలు చెక్కించమన్నాడు.

ఆగస్టు చివర్లో జ్వరం పట్టుకుంది. అది దోమల వల్ల వచ్చిన మలేరియా. వేలి ముక్క మీద చేసిన పరీక్షల్లో ఆ పరాన్నజీవి ఆనవాళ్లు కూడా దొరికాయి. సెప్టెంబర్ 9న వీలునామాకు అనుబంధం రాయించాడు. 21వ తేదీ తెల్లవారకముందే, భార్య చివరి క్షణాల్లో పట్టుకున్న శిలువనే చేతిలో పెట్టుకుని చనిపోయాడు. వయసు 58.

ప్రార్థన జరిపించే గురువు పాదాలు తన ఛాతీ మీద, తల మీద ఆనేలా, సగం శరీరం వేదిక కిందికి వచ్చేటట్టు యుస్తే చర్చిలో పాతిపెట్టమని ఆ అనుబంధంలో కోరాడు. తుది నిర్ణయం మాత్రం కొడుక్కి వదిలాడు. 1574లో ఫిలిప్ తండ్రి దేహాన్ని తాను కట్టిస్తున్న ఎస్కోరియల్‌కు తరలించాడు. పదహారేళ్లు ఆ దేహం ఉన్న చెక్క పెట్టె యుస్తే చర్చి కింద గదిలో ఇప్పటికీ ఉంది.